తెల్లవారుజామున పెరిగే ధూళి

ప్రియమైన మబ్బుగారికి,

విడిపోయాక మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కంగారుపడకండి, నేను బాగానే ఉన్నాను. ఆఫీసులో అందరూ ఇప్పటికీ మీ వెనకాల మబ్బుగారనే అంటారని విని నవ్వొచ్చింది. వాతావరణ కేంద్రానికి డైరెక్టరు కాబోతున్నారని కూడా విన్నాను. సరిగ్గా ఇప్పుడే ఈ సంగతి రాయాల్సి వచ్చింది. రాసి చించి, రాసి చించి, చివరికి పంపుతున్నాను.

నా దగ్గర ఒకమ్మాయి పరిశోధన చేస్తోంది. కొండ మీద తెల్లవారుజామున గాలిలో ధూళి ఒక్కసారిగా పెరుగుతుందని మనిద్దరం రాసిన పేపరు ఉంది కదా, దాన్ని పట్టుకుని ఎన్నో కొండలెక్కింది. ఎక్కడా ఆ పెరుగుదల లేదు. ఆరువందల మంది ఉదహరించిన పేపరు తప్పా, నీ కొలత తప్పా అని పరీక్షకులు థీసిస్ తిప్పి పంపారు. పిల్ల తిండి మానేసి కూర్చుంది.

పాత కొలతలన్నీ మళ్లీ తీశాను. ధూళి పెరగని కొన్ని రోజుల్ని, యంత్రం పనిచేయలేదని పక్కన పెట్టేశాం, గుర్తుందా? ఆ తేదీలు చూడగానే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. యంత్రం బాగానే ఉంది. మనమే పోట్లాడుకున్నాం. ఆ రోజుల్లో పొద్దుట ఎవరమూ స్టవ్వు వెలిగించలేదు, టీ పెట్టలేదు. యంత్రం గాలి పీల్చే గొట్టం స్టవ్వు పక్క కిటికీకి పైనే ఉండేది. కొత్తగా పెళ్లయి కొండ మీది ఆ ఒంటిగదిలో కాపురమున్న రోజులు. మనం లోకానికి చూపించింది ధూళి కాదండీ, మన టీ పొయ్యి పొగ.

పేపరు వెనక్కి తీసుకోవాలి. ఇద్దరి సంతకాలూ కావాలట.

మీ
తగవులమారి

•

ప్రియమైన తగవులమారికి,

కవరు మీద నీ చేతిరాత చూసి కాసేపు విప్పలేదు. విప్పాక, ఎందుకు విప్పానా అనిపించింది.

నేను నమ్మను. ఒక చిన్న స్టవ్వుకు అంత బలమా? నన్ను ఉదహరించినవాళ్లలో సగం మంది ఆ ఒక్క పేపరునే ఉదహరించారు. ఎంపిక సంఘానికి ఇచ్చిన వివరాల్లో మొదటి వరుస అదే. దాన్ని తీసేస్తే ఇన్నేళ్ల చాకిరీలో నాకంటూ మిగిలేదేమిటి? గోరంతలు కొండంతలు చేయడం నీకు మొదటినుంచీ అలవాటే. ఆ అమ్మాయికి వేరే అంశం ఇప్పించు. నేను సంతకం పెట్టను.

మోకాలి నొప్పి తగ్గిందా? మందు వేసుకోవడం మర్చిపోతావు నువ్వు.

ఉంటాను,
మబ్బు

•

ప్రియమైన మబ్బుగారికి,

నమ్మనన్నారుగా, అందుకే కొండెక్కాను. మోకాలు తగ్గలేదు, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఎక్కాను. గది అలాగే ఉంది. గోడలకు చెమ్మ, తలుపు ఇప్పటికీ భుజంతో తోస్తేగానీ తెరుచుకోదు. స్టవ్వు వెలిగించనన్నాళ్లూ యంత్రం తెర మీద గీత కదల్లేదు. తర్వాత కిటికీ పక్కనే స్టవ్వు వెలిగించి టీకి నీళ్లు పెట్టాను. అచ్చం మన పేపరులోని గీతే వచ్చింది.

అమ్మాయి ఎగిరి గంతేసింది. నేను బయటికెళ్లి ఏడ్చాను. వెనకాలే వచ్చి, "మీ పేపరు పోతుందనా మేడమ్?" అంది. పేపరు కోసం కాదని ఆ పిల్లకి ఎలా చెప్పను?

మీకు అంకెలే ముఖ్యమని నాకు తెలుసు. కాపురంలో కూడా అంతే. ఆదివారం పూట పక్కన మనిషున్నా, ఎవరెవరు మనల్ని ఉదహరించారో చూసుకుంటూ కూర్చునేవారు. గోడతో కాపురం చేసినట్టుండేది నాకు. ఆ మాట అప్పుడు అనలేక వెళ్లిపోయాను.

పేపరు వెనక్కి తీసుకుంటే తప్ప పరీక్షకులు ఒప్పుకోరట, అమ్మాయి చదువు మానేసి ఇంటికి పోతానంటోంది. థీసిస్ మళ్లీ పంపే గడువు ఈ నెలాఖరే. నాకోసం కాదు, ఆ పిల్ల కోసం అడుగుతున్నాను.

ఎదురుచూస్తూ,
తగవులమారి

•

ప్రియమైన తగవులమారికి,

సంతకం పెట్టి పంపుతున్నాను. ఆ అమ్మాయిని థీసిస్ మళ్లీ పంపమను. పరీక్షకులకు నేను కూడా రాశాను, తప్పు మాదేనని.

ఎంపిక సంఘానికి వెళ్లి నేనే చెప్పాను. కొరివితో తల గోక్కుంటున్నారు, ఇంకో నెల ఆగలేకపోయారా అన్నాడు అధ్యక్షుడు. డైరెక్టరు పదవి ఇంకొకరికి ఇచ్చారు. పోనీలే.

నువ్వు చెప్పింది మొదటి ఉత్తరంలోనే నమ్మాను. సంతకం పెట్టకపోవడానికి కారణం వేరే. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు నేను అంకెలే చూశాను, నిజం. నువ్వు వెళ్లిపోయాక చూసింది అంకెలు కాదు. ముక్కూమొహం తెలియని ఎవరో మనల్ని కొత్తగా ఉదహరించినప్పుడల్లా, అచ్చులో ముందు నీ పేరు, పక్కనే నాది. కోర్టు విడదీసింది, చుట్టాలు విడదీశారు. మనం విడిపోయామని ఆ ఉదహరించేవాళ్లకు మాత్రం తెలీదు. ఆ రెండు పేర్లు చూడ్డానికి రోజూ అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఇకమీదట మనల్ని ఎవరూ ఉదహరించరు.

పేపరు ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారో రాయమని కాగితంలో ఒక గడి ఉంది. 'రచయితల పొరపాటు' అని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నా బతుకులో పొరపాటు కానివి మనం టీ పెట్టుకున్న ఆ ఉదయాలే. గడి ఖాళీగా వదిలేశాను. నువ్వే నింపు.

నీ
మబ్బు