ఎండుచేపల ఇసుకకు పసుపు రంగు

శనివారం. నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. బడి తెలుగులో రాసుకో, ఎవరన్న మాట మాత్రం అన్నట్టే ఉంచు అన్నాను.

సముద్రం పైకొస్తే మన తీరాన్ని ఎలా కాపాడాలో ఇవాళ మా దీవిలో, హాడో పేటలో పిల్లలందరూ కలిసి పెద్ద బొమ్మ గీశారు. మేము చేపలు ఎండబెట్టే ఇసుకంతా మడచెట్లు నాటాలని ఆకుపచ్చ పూసేశారు. కడుపు మండింది.

“ఇదేటర్రా? నా సేపలు మీ నెత్తి మీద ఎండేసుకోనా?”

“దాదీ, మేం చూసొచ్చాం. జాగా ఖాళీగానే ఉంది,” అంది పక్క దీవిలోని రంగత్ నుంచి వచ్చిన పిల్ల.

“ఎప్పుడు సూసినారు?”

“గంగమ్మ పండగనాడు.”

నాకు నవ్వాగలేదు. “పండగనాడు ఏటకెవులెల్తారే, పిచ్చిమొకమా! ఆయేల సముద్రానికీ ఛుట్టీయే!”

అందరూ ఒకటే నవ్వు. ఆ పిల్లే ఆకుపచ్చ మీద తెల్లకాగితం అంటించి, పసుపు రంగు నా చేతికిచ్చింది. ఇసుకంతా నేనే పూశాను. కొంచెం సముద్రంలోకీ పోయింది. మడచెట్లను కాలువ ఒడ్డుకు జరిపారు.

సోమవారం బొమ్మ తీరం పనులు చూసే ఆఫీసుకు వెళుతుంది. అక్కడ ఒప్పుకుంటారో లేదో...

రేపు పొద్దున్నే చేపలు తిరగేయడానికి పిల్లలంతా వస్తామన్నారు. రానీ. ఆ ఇసుక ఖాళీయో కాదో, ఇంటికెళ్లాక వాళ్ల చేతుల వాసనే చెబుతుంది.