మూడో సిలిండర్ గోడ

చంద్రపూర్

పెద్దన్నకు తమ్ముడు రాజేశం నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన మందు రాస్తోందా? నా గురించి రంది పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. నీ ఇంజను మాత్రం బాగా లేదు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి ఆసిఫాబాద్ బస్సు డ్రైవరుకు ఇస్తున్నాను. చివరిదాకా చదువు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మా మెకానిక్ షాపు రేకుల కింద పానా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మెస్సులో జొన్నరొట్టె, పిట్ల అనే శనగపిండి కూర పెడతారు. కడుపు నిండుతుంది, నోటికి పులుపు తగలదు. పనయ్యాక మాట్లాడేవాళ్లు లేరు. అయినా బాగానే ఉన్నాను.

జీపు ఇంజను బ్లాకు పంపి, సిలిండర్లు పెద్దగా కోయించు, పెద్ద పిస్టన్లు వేద్దాం, ఘాట్ ఎక్కలేక జనాన్ని దింపే బాధ పోతుంది అన్నావు. మా షాపు సేఠ్ కొలవకముందే పిస్టన్లు తెప్పించాడు. కోత యంత్రానికి కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. రెండు సిలిండర్లు అద్దంలా వచ్చాయి. మూడోది కోస్తుంటే చప్పుడు మారింది. యంత్రం ఆపి, బ్లాకులో నీళ్లు తిరిగే సందుల్లో నీళ్లు పోసి చూశాను. సిలిండర్ గోడకు చెమట పట్టినట్టు ఒక బొట్టు వచ్చింది. తుడిచాను. మళ్లీ వచ్చింది.

ఆ సందులకు బ్లాకు పక్కన మూతగా ఉండే బిళ్ల ఊడదీసి తీగతో గీకితే తుప్పు పొరలుగా రాలింది. బొగ్గుబాయి మోటారు బయటికి తోసే నీళ్లు రోడ్డు పక్కనే దొరుకుతాయని ఏళ్ల తరబడి రేడియేటర్లో పోశావు. వద్దంటే ఏమన్నావు? "నీళ్లు నీళ్లే గదరా, ఇంజను ఏమన్న రుచి చూస్తదా?" చూసింది అన్నా. ఘుగ్గుస్ బొగ్గు లారీలూ ఆ నీళ్లే తాగి మా షాపుకొస్తాయి. అటునుంచి నీళ్లు తిన్నాయి, ఇటునుంచి నేను కోశాను. మధ్యలో మిగిలింది రేకు.

సేఠ్ వినలేదు.

"అరే, కొబ్బరికాయ కొట్టినంక పని ఆపుతరా? జర లప్పం పెట్టి కొయ్యి."

"లప్పం షాపు గడప దాటేదాక ఆగుతది సేఠ్. ఘాట్ల ఊడుతది."

"బండి నీదా?"

"మా అన్నది."

"మీ అన్ననే గద కొయ్యమన్నడు. నీకేంది నొప్పి?"

నా నొప్పి ఏందో నీకే రాస్తున్నాను. అంగడికి అమ్మ పోయేది ఆ జీపులోనే. ఘాట్ ఎక్కేటప్పుడు సిలిండర్లోకి నీళ్లు దిగితే ఇంజను అక్కడికక్కడే పట్టేస్తుంది. నిండా జనంతో బండి వెనక్కి జారుతుంది. అప్పుడు నీ పెద్ద పిస్టన్లు ఏం చేస్తాయి? ఈ పని నాకెవరూ నేర్పలేదు, లారీల కింద పడుకుని నేర్చుకున్నాను. "నీకేం తెలుసురా" అంటావు. అను. వచ్చి ఆ బొట్టు చూసి అను.

ఈ బ్లాకు ఇక పనికిరాదు. రాజురాలో పాత సామాన్ల దుకాణంలో ఒక మంచి బ్లాకు చూసి పెట్టాను. దానికి మామూలు పిస్టన్లే వేద్దాం. నువ్వు జనాన్ని తక్కువ ఎక్కించుకో.

నేను లేనప్పుడు వేరేవాళ్లతో కోయిస్తానని సేఠ్ అంటున్నాడు. అందుకే యంత్రం కట్టర్ ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఇవ్వకపోతే పనిలోంచి పొమ్మన్నాడు. పోతాను గానీ ఇవ్వను. తొందరగా రా. అమ్మ చేతి చింతకాయ తొక్కు తీసుకురా.

కోపంతో రాశాను, అయినా అమ్మ కాళ్లకు, నీ కాళ్లకు, వదినకు మొక్కుతున్నాను, దీవించండి. ఆ గోడను వేలితో తడిమి చూశాక కూడా కొయ్యమంటే, కట్టర్ నీ చేతిలో పెడతాను. యంత్రం నువ్వే తిప్పు.

నీ తమ్ముడు
రాజేశం