అత్తయ్య మడతలు

మార్చి 4

శనివారం గ్యాలరీ మేడమ్ ఇంటికొస్తోంది. ఎగ్జిబిషన్‌లో ఒక్క టేబులే ఖాళీ ఉందట. అది నాకే రావాలి. నగలు చేస్తానని ఆఫీసు మానేసినప్పుడు మా ఆయన ఒక్క మాట అనలేదు. అదే నాకు పెద్ద బరువు.

అత్తయ్యకి చూపు బాగా తగ్గింది. జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు. నా పక్కన కూర్చుని ఒకటే ప్రశ్నలు. మెటల్ క్లే అంటే మట్టేనా అంటుంది. కాదు, వెండి పొడిలో జిగురు కలిపిన ముద్ద, కిల్న్ అనే చిన్న కొలిమిలో పెడితే జిగురు కాలిపోయి వెండి మిగులుతుంది అన్నాను. ఇంకేమీ అడక్కుండా ఉంటుందని కాస్త ముద్ద చేతిలో పెట్టాను.

మార్చి 6

ఆ ముద్దని అత్తయ్య పల్చగా ఒత్తి, ఫ్రాకుకి కుచ్చులు పెట్టినట్టు మడతలు పెట్టింది. అంచు దగ్గర వేలితో నొక్కి వదిలేసింది. అంతే. గాలి తగిలితే కదులుతుందేమో అన్నట్టుంది.

కిటికీలో ఆరబెట్టాను. నా నెక్లెస్ పని వదిలేసి ఎన్నిసార్లు వెళ్లి చూశానో.

మార్చి 8, సాయంత్రం

మేడమ్ నా నెక్లెస్ చూసి చాలా నీట్‌గా ఉందంది. నీట్! ఇస్త్రీ చేసిన చొక్కాని అన్నట్టు. బ్యాగ్ తగిలించుకుని లేచింది. అప్పుడు కిటికీ వైపు చూసింది. ఆ మడతల ముక్కని అరచేతిలో పెట్టుకుని, ఇదెవరిదని అడిగింది.

అత్తయ్య వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నాదే అన్నాను.

టేబుల్ నాకిచ్చింది. ఇలాంటివే టేబుల్ నిండా కావాలంది.

మార్చి 10

నాకు రావట్లేదు. మడత పెట్టగానే పగులుతోంది.

మార్చి 15

నా ప్రాక్టీస్ కోసమని చెప్పి అత్తయ్య చేతే చేయిస్తున్నాను. పొద్దున్నే తల దువ్వుకుని డ్యూటీకి వచ్చినట్టు వచ్చి కూర్చుంటోంది. కళ్లు పోయాక తనూ మూలన పడేసిన కుట్టుమిషనే అనుకుందట. ఇవాళ నవ్వుతూ చెప్పింది. ఇంకో ముద్ద ఆమె చేతిలో పెట్టాను.

మార్చి 24

ఎగ్జిబిషన్ ఆహ్వానం కార్డు వచ్చింది. మా ఆయన సంబరంగా పైకి చదివాడు. వెండి మడతలు, కింద నా పేరు. అత్తయ్య ఇంకోసారి చదవమంది. చదివాడు. తన చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుంది. మంచిదమ్మాయ్ అని లేచి వెళ్లిపోయింది.

మార్చి 25

అత్తయ్య పనికి రాలేదు.

మార్చి 28

చెప్పేశాను.

ఎగ్జిబిషన్‌కి అత్తయ్య రాదనుకున్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. మేడమ్ నాకు మైక్ ఇచ్చి, ఈ మడతలు ఎలా తట్టాయో చెప్పమంది. అందరూ చూస్తున్నారు. అత్తయ్య మాత్రం తల పక్కకి వంచి వింటోంది. ఇవి నావి కావు, మా అత్తయ్యవి, మేడమ్‌కి అబద్ధం చెప్పాను, అత్తయ్యకీ చెప్పాను అన్నాను.

మేడమ్ మైక్ లాక్కుంది. తర్వాత పక్కకి పిలిచి, ఇంకెప్పుడూ తన గుమ్మం తొక్కొద్దంది. టేబుల్ మీది కార్డులో నా పేరు కొట్టేసి అత్తయ్య పేరు రాయించింది. జనం అత్తయ్య చుట్టూ మూగారు. కాల్చింది మాత్రం మా కోడలేనని వాళ్లకి చెబుతోంది. అది విన్నాక నిలబడలేక బాత్రూంలోకి వెళ్లిపోయాను.

మా ఆయన నా వైపు చూడకుండా వెళ్లి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. కారులో అత్తయ్యే అంది, అడిగుంటే ఇచ్చేదాన్ని, పేరుతో సహా ఇచ్చేదాన్ని, నువ్వు అడగలేదు అని.

మార్చి 31

అత్తయ్య పొద్దున్నే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ముద్ద గట్టిపడింది, నీళ్లు తెమ్మంది.

తెచ్చాను.