నేను మోయని మాటలు

శనివారం, జూలై 12

పొద్దున్నే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని, "అత్తాపూర్ల కౌన్సెలర్ దగ్గరికి పోదాం, మీ అమ్మకు చెప్పు" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. అమ్మను అడగకుండా బాపు బర్రెను అమ్మిన రోజు నుంచి, నెలగా, ఇద్దరి మాటలూ నా నోటితోనే నడుస్తున్నాయి.

అక్కడా అమ్మ నావైపే తిరిగి, "ఆ బర్రెకు నేనేం పేరు పెట్టిన్నో మీ బాపును అడుగు" అంది. కౌన్సెలర్ మేడమ్ నన్ను బయట కూర్చోమన్నారు. చాలాసేపటికి తలుపు వెనక బాపు గొంతు: "నిన్నొక మాట అడగకపోతి. తప్పే." అది ఇక్కడ రాసుకుంటే పేజీ నిండినట్టుంది.

"వారం దాకా అమ్మాయి ఎవరి మాటా మోయకూడదు" అని మేడమ్ పంపించారు. దారిలో అమ్మ నీళ్ల సీసా నా చేతికివ్వకుండా తనే బాపు వైపు జరిపింది.

రేపు పొద్దున బాపుకు చాయ్ కావాలి. అమ్మను ఆయనే అడిగేదాకా దుప్పటి తీయను.