పూర్తివాక్యం

సబ్‌స్టేషన్ గది నుంచి,
ఏప్రిల్ 28, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన ఉడతకి,

నమస్కారాలు. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని బడిలో మనకు నేర్పారు. ఈ నెలలో మా వైపు కుశలం అని చెప్పుకోదగ్గ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇంటి కప్పు ఒక మూల తప్ప నిలిచే ఉంది. మీ చెల్లెలు ఎప్పట్లాగే నన్ను కసురుకుంటూ ఆరోగ్యంగా ఉంది. నాకు మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేం లేదు. నువ్వూ చెల్లెమ్మా బాగున్నారని నీ కూతురు చెబుతూనే ఉంటుంది.

ఏడేళ్ళు మాట్లాడకుండా ఉండి ఇప్పుడీ ఉత్తరమేమిటి, ఫోన్ చేస్తే పోయేది కదా అనుకుంటావు. నీతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ నాలుక పిడచకట్టుకుపోతుంది. కాగితమైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది నాలుగో కాగితం.

అసలు సంగతికి వస్తాను. నీ కూతురు స్తంభాలెక్కడం మానేసి, పట్నం ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునే పనికి మారతానని కాగితం ఇవ్వాలని పట్టుబట్టావట. గడువు ఎల్లుండితో సరి. కాగితం ఆమె సంచిలోనే ఉంది, సంతకం మాత్రం పెట్టలేదు. నువ్వు రాసిన ఉత్తరం నాకు చూపించింది. ఎడమ చేత్తో రాసినా నీ అక్షరాలు నా కుడిచేతి రాత కంటే నయంగా ఉన్నాయి. కానీ అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నీకు నా నోరే వచ్చిందమ్మా, ముందు మాట, తర్వాత ఆలోచన, ఆ నోటితో కరెంటు పని చేస్తే ఏమవుతుందో నా చెయ్యి చూసి తెలుసుకో అని రాశావు.

అందుకే ఈ నెల ఆ పిల్ల ఎలా పనిచేసిందో నీకు చెప్పాలనుకుంటున్నాను. నీకు మొదటి పేజీ చదివి మడిచి జేబులో పెట్టుకునే అలవాటుంది. ఈసారి మాత్రం చివరిదాకా చదువు.

ఈ వసంతం మాకు గాలితోనే వచ్చింది. ఈ ఏడు పూత ఆలస్యమై, మూడో తారీఖు పొద్దునకి తోటలన్నీ నిండు పూత మీద ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. పది నిమిషాల్లో ఇక్కణ్ణుంచి ఊళ్ళకు వెళ్ళే మూడు లైన్లూ, వాగు లైను, మిల్లు లైను, తోటల లైను, ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. మిల్లు కప్పు మీది రేకు ఎగిరొచ్చి తీగల మీద ఆరేసిన దుప్పటిలా వేలాడింది. గాలి తగ్గాక చూస్తే మా గేటు దగ్గరి నీళ్ళగుంట నిండా పూతే. పిందె కట్టకుండానే పంట పోయిందని తోటలవాళ్ళు గట్ల మీద కూలబడి ఉంటే, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగేవాడు కూడా లేకపోయాడు. నా సర్వీసులో అలాంటి సాయంత్రం అదే మొదలు.

మర్నాటి నుంచి ఫోన్ కింద పెడితే ఒట్టు. తీగ ముట్టుకునే ముందు లైన్‌మ్యాన్ నాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి, నేను కరెంటు ఆపి పుస్తకంలో రాసుకోవాలి, పని పూర్తయ్యాక అదే మనిషి లైను తిరిగి అప్పగిస్తేనే మళ్ళీ స్విచ్ వేయాలి. నీకు నేను పాఠం చెప్పడమేమిటిలే. ఈ నెలలో ఇప్పటికి నూటపన్నెండు లైన్ క్లియర్లు ఇచ్చానని చెప్పడానికి రాశాను.

మన సంగతి జరిగాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అయింది, సరే, ఇచ్చేయ్ లాంటి ముక్కలు ఫోన్లో ఒప్పుకోను. మాట్లాడేది ఎవరు, ఏ లైను, ఎన్నో నంబరు స్తంభం, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, అంతా కర్త కర్మ క్రియలతో చెప్పాల్సిందే. దాంతో అందరూ నాకు పూర్తివాక్యం అని పేరు పెట్టారు. ఒకతనికైతే ఇంట్లో కూడా అదే అలవాటైందట. కూర బాగుందనడానికి గంట పడుతోందని వాళ్ళావిడ నా మీద చాడీలు చెబుతోంది.

నీ కూతురు మా సెక్షన్‌లో పనికి వచ్చిన రోజే ఫోన్లో మామయ్యా అని పిలిచింది. డ్యూటీలో ఉన్నంతసేపు నేను ఆపరేటర్‌ని, మామయ్యని కాదు అన్నాను. కాస్త చిన్నబుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఒక్కసారీ తప్పలేదు. సాయంత్రం టోపీ తీసి గోడకు తగిలించాకే మామయ్య అంటుంది. స్తంభం ఎక్కడంలో నీ పోలికే. అందరూ ఉడతపిల్ల అంటారు. ఆ పేరు నేను పెట్టలేదు, దానంతటదే వచ్చింది.

రెండో వారంలో వడగళ్ళు పడ్డాయి. పది నిమిషాల్లో మన యార్డంతా తెల్లగా అయిపోయింది. కిటికీ అద్దాలు రెండూ పగిలి, అలమారలోని పాత లాగ్ పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. వాటిని ఆరబెట్టడానికి మీ చెల్లెలు ఇస్త్రీపెట్టె పంపింది. డ్యూటీ లేనప్పుడు ఒక్కో పేజీ మీద గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను. ఏడేళ్ళ కిందటి పుస్తకం కూడా అందులో ఉంది. ఆ రోజు పేజీ వచ్చినప్పుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. సిరా కరిగిపోయి ఉంటే బాగుండునని ఆశపడ్డాను. బాల్ పెన్నుతో రాసిన అక్షరాలు ఎక్కడికి పోతాయి. ఒంటిగంటా నలభై, లైను తిరిగి అందింది, నోటిమాటగా, అని నా చేతిరాతే.

నీ చెయ్యి పోయినప్పటి ఎంక్వైరీలో ఏం తేల్చారో నీకు కంఠతా వచ్చు. పని అయిందా అని ఆపరేటర్ అడిగాడు, అయిందని లైన్‌మ్యాన్ చెప్పాడు, చెప్పిన సంగతి మరిచి మళ్ళీ స్తంభం ఎక్కాడు. పొరపాటున కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా భూమిలోకి దింపేసే ఎర్తింగ్ రాడ్డు సెక్షన్ మొత్తానికి ఒక్కటేనని, అదీ ఆ రోజు పక్క ఊళ్ళో ఉందన్న మాట కూడా ఎక్కడో చివర రాశారు. దెబ్బ తగిలిన గంట నీ జ్ఞాపకంలోంచి తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి నువ్వు దేన్నీ కాదనలేదు. పైగా ఆసుపత్రిలో, మిగిలిన ఆ ఒక్క చేత్తో నా చెయ్యి పట్టుకుని, నా నోటి తొందర వల్ల నిన్ను ఎంక్వైరీలో నిలబెట్టానురా, క్షమించు అన్నావు. ఆ తర్వాత నేను మీ గడప తొక్కలేదు. నువ్వే రెండుసార్లు ఇక్కడికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నావు. పనిలో ఉన్నానని లోపలి నుంచే చెప్పించాను. చేసే పని ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను.

పందొమ్మిదో తారీఖు నాటి సంగతి ఆమె నీకు చెప్పి ఉండదు, చెల్లెమ్మ కంగారుపడుతుందని. మూడు రోజులు విడవని వాన. వాగు లైను నలభై ఏడో స్తంభం దగ్గర తీగ తెగింది. లైన్ క్లియర్ ఆమె పేరు మీద ఉంది. ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల టీకా మందులు పాడైపోతాయని పై ఆఫీసరు మూడుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి కూలీల మేస్త్రీ చేశాడు. అందరూ దిగిపోయారు, ఇచ్చేయండి సార్ అన్నాడు. లైను తీసుకున్న మనిషి నోటితో వినాలన్నాను. ఆఫీసరు మళ్ళీ చేసి, నీ వ్యాకరణం తర్వాత చూసుకో, ముందు కరెంటివ్వు అని కేకలేశాడు. సంతకం చేసిన కాగితం పంపండి, ఇస్తానన్నాను. కాగితం రాలేదు.

ఇరవై ఐదు నిమిషాల తర్వాత ఆమె ఫోన్ వచ్చింది. అప్పటిదాకా ఆమె స్తంభం మీదే ఉంది. మేస్త్రీ తన మనుషులు దిగడం చూసి అందరూ దిగారనుకున్నాడు. నలభై ఏడో స్తంభం దగ్గర పని పూర్తయింది, నలుగురం ఎక్కాం, నలుగురం దిగాం, ఎర్తింగ్ రాడ్లు రెండూ తీసేశాను, వాగు లైను మీకు తిరిగి అప్పగిస్తున్నాను, వాన మాత్రం ఇంకా దిగలేదు అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మందులు పాడవలేదు.

అయితే నిన్ను ఒప్పించాల్సింది దీంతో కాదు. ఇరవై నాలుగో తారీఖున జరిగినదాంతో. ఆ రోజు వాన తెరిపిచ్చింది. పిల్ల తెల్లారకముందే వెళ్ళింది, ఏమైనా తిన్నదో లేదో అని మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఇంత పద్ధతి పెట్టుకున్నవాణ్ణి, నెల రోజుల అలసటో ఏమో, అయిందా అమ్మా అని ఒక్క ముక్క అడిగాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత నిదానంగా, ఆపరేటర్ గారూ, మీరు అడిగేది పని సంగతా, భోజనం సంగతా, పూర్తివాక్యంలో అడగండి అంది. మళ్ళీ తనే, భోజనం అయింది, పని అవలేదు, లైను ఇవ్వకండి అంది.

నేను ఫోన్ పెట్టేసి, ఆమె అన్న వాక్యాలు ఉన్నవున్నట్టు పుస్తకంలో రాసుకున్నాను.

చూశావా, ముందు ఆలోచన, తర్వాత మాట. నీ కూతురు నోరు జారే మనిషి కాదు. ఈ సెక్షన్‌లో నేను కళ్ళు మూసుకుని నమ్మగలిగే గొంతు అదొక్కటే. ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుంటే ఆమెకు గాలి ఆడదు. స్తంభం మీంచి చూస్తే తోటల్లో మళ్ళీ అక్కడక్కడా చిగురు కనిపిస్తోందని మొన్న చెప్పింది. కింద తిరిగే మా ఎవరికీ ఇంకా కనపడలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టమనకు. ఇది నా మనవి. నీ దగ్గర మనవి చేసుకునే అర్హత నాకుందో లేదో కింద చదివాక నువ్వే చెప్పు.

చెల్లెమ్మకు నమస్కారాలు. మోకాలి పట్టీలు రెండు పంపుతున్నాను, ఒకటి నీకు, ఒకటి ఆమెకు. మన వయసుకు ఇవే కానుకలు.

ఇట్లు,
నీతోపాటు శిక్షణలో ఒకే పళ్ళెంలో తిన్న స్నేహితుడు,
ఇప్పటి పేరు పూర్తివాక్యం.

తా.క. ఇంతసేపూ రాసింది ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం కూడగట్టుకోవడానికే. ఆ రోజు నేను నిన్ను పని అయిందా అని అడగలేదు. భోజనం అయిందా అని అడిగాను. నువ్వు అయిందన్నావు. అంతలో రెండో ఫోన్ మోగింది. అటు మాట్లాడి పెట్టేసరికి నా చెవిలో నీ మాట ఒక్కటే మిగిలింది. ఏం అయిందో ఆలోచించకుండా స్విచ్ వేశాను. వేసిన మరుక్షణం లైను పడిపోయినప్పుడు గుర్తొచ్చింది. పుస్తకంలో ఆ వాక్యం రాసింది ఆ తర్వాతే. ఎంక్వైరీలో ఒక్క మాట మార్చాను, భోజనం తీసి పని పెట్టాను. నీ నోరు ఏ తప్పూ చేయలేదురా. ఏడేళ్ళుగా నా తప్పును నువ్వు నీ నోటికి అంటగట్టుకుని, ఇప్పుడు నీ కూతురికీ అంటగడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఇదంతా రాసి, సంతకం చేసి, నిన్ననే పై ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, వాళ్ళేం చేస్తారో చేయనీ. రేపు పొద్దున బస్సుకు మీ ఇంటికి వచ్చే నీ కూతురి చేతికి ఈ కవరు అంటించకుండా ఇస్తున్నాను. దారిలో చదువుకోమని చెబుతాను.

ఇంకొక్కటి కూడా ఎంక్వైరీలో చెప్పలేదు. ఆ రోజు నువ్వు అయింది అని ఊరుకోలేదు. అయిందిరా, మరి నీది అయిందా అని నన్ను అడిగావు. రెండో ఫోన్ మోగుతోందని నీకు జవాబు చెప్పకుండానే పెట్టేశాను.