నీ గొంతు కంటే ముందు

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. చుట్టాలంతా భోంచేసి వెళ్ళాక అమ్మ నా పక్కన కూర్చుంది. "వాని గొంతు ఒక్కసారి ఇనిపియ్యవే," అంది. ఏడాదిగా ఆ మాట ఆమె నోట రాలేదు.

క్యాసెట్లు వచ్చాయి కదా, నువ్వు పెళ్ళిళ్ళు రికార్డు చేసిన ఆ రీళ్ళ టేప్ రికార్డర్ ఎవరికన్నా ఇచ్చెయ్యమని మన ఛత్రినాక బస్తీలో అందరూ అంటున్నారు. నేను ఇవ్వలేదు. నువ్వు నేర్పినట్టే దూదిని స్పిరిట్‌లో ముంచి, టేపు రాసుకుపోయే హెడ్లు తుడుస్తున్నాను. జుమ్మెరాత్ బజార్లో, ఆ పాత సామాన్ల సంతలో ఎన్ని మిషన్లు చూపించినా నువ్వు దీన్నే పట్టుకున్నావు. "మూడు హెడ్లుంటే రికార్డు అయితున్నప్పుడే ఇనొచ్చు చెల్లె. తప్పు పోయిందని పెండ్లి మల్ల చేస్తరా?" అన్నావు.

కొన్న రోజు నువ్వు పరీక్షకు మాట్లాడిన రీలు ఎక్కించాను. కదలకుండా ఉన్న టేపులో ఒక చుట్టలోని మాట పక్క చుట్టకు అంటుకుని ముందే వినబడుతుందని నువ్వు చెప్పిందే. అయినా నీ గొంతు కంటే ముందు, గోడ అవతలి నుంచి పిలిచినట్టు, సన్నగా "అమ్మా" అని వినబడేసరికి నేను గోడ వైపు తిరిగి చూశాను. వెంటనే నీ గొంతు నిండుగా వచ్చింది.

"అమ్మా, ఇనబడ్తుందా?"

అమ్మ లేచి వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది.

"ఇనబడ్తుంది బిడ్డా. ఎండల నిలబడ్డవేంది, లోపలికి రా."

నేను మిషన్ ఆపేశాను. చీకటి పడింది. అమ్మ ఇంకా తలుపు వెయ్యనివ్వడం లేదు.

నీ చెల్లె