ఇంజను అమ్మకండి

శ్రీవారికి, నేనిక్కడ కులాసా.

మన నీళ్ల ఇంజను కాసేపు తిరిగి ఆగిపోతోందని, తుక్కు కింద అమ్మేస్తానని రాశారు. అమ్మకండి. నిన్న మా మెకానిక్ షెడ్డుకి అలాంటిదే వచ్చింది. ప్లగ్గు మార్చాను, కార్బొరేటర్ కడిగాను. అయినా మొరాయించింది. పెట్రోలు ట్యాంకు మూత వదులు చేశానో లేదో, గుక్క తిప్పుకోకుండా మోగింది. మూతకుండే సన్నటి చిల్లు పూడిపోతే గాలి అందక పెట్రోలు దిగదు.

అప్పుడు గుర్తొచ్చింది. "వాసన కొడుతోందే అమ్మాయ్" అంటూ అత్తయ్య మన మూత చిల్లులో కొవ్వొత్తి మైనం కూరారు. చీమ దూరే సందు కనిపిస్తే ఆవిడకు నిద్రపట్టదు కదా! సూదితో తీసేయండి, తిరక్కపోతే నన్నడగండి.

పాప దగ్గు తగ్గిందా? నా పాత చెప్పులు పారేయకండి.

అత్తయ్యకు నమస్కారాలు. మైనం తీయమన్నది నేనేనని చెప్పండి. నేనైతే దూరంగా ఉన్నాను, మీరు ఆవిడ వండిందే తినాలి.